ఉద్యోగం కోసం ఏ జీయూఐ టూల్‌కిట్ నేర్చుకోవాలి

ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ, ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయినవాళ్లూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. బటన్లు, మెనూలు, పట్టికలు ఉన్న అప్లికేషన్లు రాయడం నేర్చుకోవాలంటే ఏ జీయూఐ టూల్‌కిట్ (అలాంటి తెరలు కట్టడానికి సిద్ధంగా దొరికే కోడ్ సముదాయం) పట్టుకోవాలి, దేనికి ఉద్యోగాలు ఉన్నాయి అని. అడిగేవాళ్లు అప్పటికే క్యూటీ, జీటీకే, డబ్ల్యూపీఎఫ్, జావాఎఫ్ఎక్స్, ఎలక్ట్రాన్, ఫ్లట్టర్ వంటి పేర్లు విని ఉంటారు. ఉద్యోగాల వెబ్‌సైట్లలో ఒక్కొక్క పేరూ కొట్టి చూసి, ఎక్కువ ప్రకటనలు కనిపించినదాన్ని ఎంచుకుందామనుకుంటారు. అలా వెతికితే వెబ్ పేజీల తెరలకు వాడే రియాక్ట్ ప్రతిసారీ గెలుస్తుంది, జీటీకే ప్రతిసారీ ఓడిపోతుంది. కానీ ఆ లెక్క ఆ వారం పరిస్థితిని మాత్రమే చెబుతుంది. మనం కష్టపడి నేర్చుకునే విద్య కనీసం పదేళ్లు అన్నం పెట్టాలి. అందుకే నేను ముందుగా చూసేది వేరొకటి: ఆ టూల్‌కిట్ మీద ఎవరు తమ ప్రధాన ఉత్పత్తిని నిలబెట్టుకున్నారు? అది పోతే తాము కూడా నష్టపోయేవాళ్లు ఎంతమంది ఉన్నారు?

ఈ ప్రశ్న విలువ మైక్రోసాఫ్ట్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 2002లో ఆ సంస్థ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌తో పాటు విండోస్ ఫామ్స్ అనే టూల్‌కిట్ వచ్చింది. 2006లో డబ్ల్యూపీఎఫ్, 2007లో సిల్వర్‌లైట్, 2015లో విండోస్ 10తో యూడబ్ల్యూపీ, 2021లో విన్‌యూఐ 3, 2022లో డాట్‌నెట్ మావి వచ్చాయి. వీటిలో ప్రతి ఒక్కటీ వచ్చిన రోజున, ఇక ముందు అందరూ రాయవలసింది దీనితోనే అన్న ధోరణిలోనే ప్రచారమైంది. సిల్వర్‌లైట్ బ్రౌజర్లలో వీడియో చూపించింది, విండోస్ ఫోన్ 7 అప్లికేషన్లకు ఆధారమైంది. అయినా 2021 అక్టోబరులో దానికి మద్దతు ముగిసిపోయింది. డబ్ల్యూపీఎఫ్ మాత్రం ఇంకా బతికే ఉంది. నా దృష్టిలో దానికి ముఖ్యమైన కారణం, ప్రోగ్రాములు రాసే తన పనిముట్టు విజువల్ స్టూడియో 2010 తెరను మైక్రోసాఫ్ట్ డబ్ల్యూపీఎఫ్‌తో తిరగరాసుకోవడం. లక్షలాది ప్రోగ్రామర్లు రోజూ వాడే తన పనిముట్టు దాని మీద నిలిచి ఉన్నప్పుడు దాన్ని వదిలేయడం ఆ సంస్థకు అంత సులభం కాదు. విండోస్ ఫామ్స్ నిలిచిన కారణం వేరు: ఆసుపత్రుల బిల్లింగ్ మొదలుకొని గిడ్డంగుల లెక్కల దాకా వ్యాపార సంస్థలు దానితో రాసుకున్న ప్రోగ్రాములకు అంతు లేదు. 2018 డిసెంబరులో ఈ రెండింటినీ ఓపెన్ సోర్స్ చేశారు, మరుసటి ఏడాది డాట్‌నెట్ కోర్ 3.0లోకి తెచ్చారు. ఈ రోజు డాట్‌నెట్ కొత్త వెర్షన్ మీద కూడా అవి నడుస్తున్నాయి. సిల్వర్‌లైట్ నేర్చుకున్నవాళ్లు పూర్తిగా నష్టపోలేదన్నది కూడా చెప్పాలి. వాళ్లకు తెలిసిన జామల్ (తెరను వర్ణించే భాష), డేటా బైండింగ్ (సమాచారాన్ని తెరకు ముడిపెట్టే పద్ధతి) డబ్ల్యూపీఎఫ్‌లోనూ అవే కావడంతో చాలామంది పెద్ద ఇబ్బంది లేకుండా ఇటు మారగలిగారు.

జీటీకే కథ దీనికి మరో కోణం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు గింప్ అనే బొమ్మల ప్రోగ్రాము రాస్తూ, అప్పటి మోటిఫ్ టూల్‌కిట్ నచ్చక సొంతంగా ఒకటి తయారుచేసుకున్నారు. 1997లో మొదలైన లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ దాన్నే పునాదిగా తీసుకుంది. క్రమంగా జీటీకే నడక గ్నోమ్ అవసరాలను బట్టే సాగింది. జీటీకే 3 విడుదలైనది 2011లో. గింప్ దాని మీదికి పూర్తిగా మారి 3.0గా వెలువడినది 2025 మార్చిలో. ఏ ప్రోగ్రాము కోసం పుట్టిందో ఆ ప్రోగ్రామే కొత్త తరానికి చేరడానికి పద్నాలుగేళ్లు పట్టింది, అప్పటికి జీటీకే 4 వచ్చి కూడా నాలుగేళ్లు దాటింది. నెట్‌వర్క్ ఇంజినీర్లందరికీ తెలిసిన వైర్‌షార్క్ 2015లో 2.0 వెర్షన్‌తో జీటీకే నుంచి క్యూటీకి మారింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రాము కూడా అదే దారిలో వెళ్లింది. ఇదంతా జీటీకేని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. లైనక్స్ డెస్క్‌టాప్ మీద ప్రేమ ఉన్నవాళ్లకు అది చక్కటి బడి, దాని కోడ్ చదివితే ఎంతో తెలుస్తుంది. కానీ జీటీకే తెలిసినందుకే ఉద్యోగమిచ్చే సంస్థలు లైనక్స్ పంపిణీలను నడిపేవీ, వాటి చుట్టూ ఉన్నవీ తప్ప పెద్దగా లేవు.

ఇక క్యూటీ. నా సొంత పని దీనితోనే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఆ మొగ్గును పాఠకులు గమనించుకోవాలి. నార్వేలో హావర్డ్ నార్డ్, ఐరిక్ చాంబే-ఎంగ్ మొదలుపెట్టిన క్యూటీ 1995లో బయటి ప్రపంచానికి వచ్చింది. 1996లో మరో లైనక్స్ డెస్క్‌టాప్ అయిన కేడీఈ ప్రాజెక్టు దాన్ని ఎంచుకుంది. అప్పటి క్యూటీ లైసెన్సు పూర్తి స్వేచ్ఛనివ్వదన్న అభ్యంతరంతోనే గ్నోమ్ పుట్టింది. ఆ భయాన్ని తీర్చడానికి 1998లో ఒక ఫౌండేషన్ ఏర్పాటైంది: యజమాని ఎవరైనా సరే, క్యూటీ స్వేచ్ఛా వెర్షన్‌ను విడుదల చేయడం మానేస్తే, ఆ ఫౌండేషన్ దాన్ని మరింత ఉదారమైన లైసెన్సు కింద విడుదల చేయవచ్చునన్న ఒప్పందం అది. 2008లో నోకియా ఆ కంపెనీని కొనేసింది. 2011 ఫిబ్రవరిలో నోకియా తన ఫోన్లకు విండోస్‌ను ఎంచుకున్నట్లు ప్రకటించినప్పుడు, క్యూటీ పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. 2012లో ఫిన్లాండ్‌కే చెందిన డిజియా దాన్ని తీసుకుంది, ఆ తరువాత అది క్యూటీ కంపెనీగా విడివడింది. ఇన్ని చేతులు మారినా అది నిలిచిందంటే కారణం, దాని బరువంతా ఒక్క యజమాని మీద లేకపోవడమే. సినిమా గ్రాఫిక్స్ వాళ్లు వాడే ఆటోడెస్క్ మాయా, మనందరి కంప్యూటర్లలో ఉండే వీఎల్‌సీ, వర్చువల్‌బాక్స్, ఓబీఎస్ స్టూడియో, టెలిగ్రామ్ డెస్క్‌టాప్, కేడీఈ మొత్తం దాని మీదే నడుస్తున్నాయి. వీటికి తోడు కార్ల డ్యాష్‌బోర్డులు, ఆసుపత్రి పరికరాల తెరలు, కొలత పరికరాలు ఉన్నాయి. యజమాని మారవచ్చు గాని ఇంతమంది అవసరం ఒక్కసారిగా మారదు.

వెబ్ పద్ధతిలో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసే ఎలక్ట్రాన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. 2013లో గిట్‌హబ్ వాళ్లు ఆటమ్ ఎడిటర్ కోసం దాన్ని తయారుచేశారు. ఆటమ్ 2022 డిసెంబరులో మూతపడింది, ఎలక్ట్రాన్ మాత్రం వీఎస్ కోడ్, స్లాక్, డిస్కార్డ్ ఆధారంగా కొనసాగుతోంది. జావాలో చూస్తే, స్వింగ్ స్థానంలోకి రావలసిన జావాఎఫ్ఎక్స్‌ను 2018లో జేడీకే 11 నుంచి బయటికి పంపారు. 1998 నాటి స్వింగ్ అక్కడే ఉంది. కోడ్ రాసే పనిముట్టు ఇంటెలిజే, దాని మీద కట్టిన ఆండ్రాయిడ్ స్టూడియో స్వింగ్‌తో రాసినవే కాబట్టి, ఆండ్రాయిడ్ ప్రోగ్రామర్లు రోజంతా చూసేది స్వింగ్ తెరనే.

ఫ్లట్టర్ దగ్గర ఈ కొలత అంత తేలిగ్గా తేలదు. గూగుల్ 2018 డిసెంబరులో 1.0 విడుదల చేసింది, తన గూగుల్ పే అప్లికేషన్‌ను ఫ్లట్టర్‌తో తిరగరాసింది. మన ఊళ్లలో కిరాణా కొట్టు దాకా చేరిన అప్లికేషన్ అది, కనుక ఆధారం బలమైనదే. అయితే అదే గూగుల్‌లోని ఆండ్రాయిడ్ విభాగం 2021లో 1.0గా వచ్చిన జెట్‌ప్యాక్ కంపోజ్ అనే వేరే టూల్‌కిట్‌ను ముందుకు తెస్తోంది. ఒకే సంస్థలో రెండు దారులు ఉన్నప్పుడు ఏది ఎంతకాలం నడుస్తుందో బయటివాళ్లు ఊహించలేరు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో చిన్న సంస్థలు ఒకే బృందంతో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ అప్లికేషన్ చేయాలనుకున్నప్పుడు ఫ్లట్టర్‌ను ఇష్టపడతాయి కాబట్టి, మొదటి ఉద్యోగానికి అది మంచి దారే. కాకపోతే దానితో పాటు ఆండ్రాయిడ్ ప్రోగ్రాములు రాసే భాష కాట్లిన్ కూడా నేర్చుకుని ఉండమని నా సలహా.

ప్రకటనల సంఖ్య గురించి ఒక మాట. రియాక్ట్ ఉద్యోగాలు ఎక్కువే గాని, వాటికి దరఖాస్తు చేసేవాళ్లూ అంతే ఎక్కువ. అమీర్‌పేట శిక్షణ సంస్థల బోర్డుల మీద ఫుల్ స్టాక్ కనిపించినంతగా క్యూటీ గాని డబ్ల్యూపీఎఫ్ గాని కనిపించవు. డెస్క్‌టాప్, పరికరాల తెరల ఉద్యోగాలు తక్కువ, అయినా వాటికి సరైనవాళ్లు దొరకడం ఇంకా తక్కువ. ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నవాడిగా ఈ మాట చెబుతున్నాను. ఇందులో ఫ్రెషర్లకు ఒక ఇబ్బంది ఉంది: క్యూటీ ప్రకటనలు సాధారణంగా అనుభవం అడుగుతాయి, సీ ప్లస్ ప్లస్ గట్టిగా వచ్చి ఉండాలంటాయి. కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లు ముందు సీ ప్లస్ ప్లస్ ఉద్యోగంలో ఏ విభాగంలోనైనా చేరి, అక్కడ తెర పని వచ్చినప్పుడు ముందుకు రావడం ఆచరణలో ఎక్కువగా జరిగే దారి.

ఏ టూల్‌కిట్ ఎంచుకున్నా దాని కింద ఉండే విషయాలు దాదాపు ఒక్కటే, ఇంటర్వ్యూలో నేను అడిగేది కూడా వాటినే. మొదటిది ఈవెంట్ లూప్. తెరను గీసేదీ, మౌస్ నొక్కులను అందుకునేదీ ఒకే థ్రెడ్, అంటే ప్రోగ్రాములో ఒకదాని తరువాత ఒకటిగా పనులు చేసుకుపోయే ఒక వరుస. ఆ థ్రెడ్‌లో ఫైలు చదవడమో, నెట్‌వర్క్ నుంచి జవాబు కోసం ఎదురుచూడడమో పెట్టుకుంటే తెర బిగుసుకుపోతుంది. ఆండ్రాయిడ్‌లో ఐదు సెకన్లపాటు టచ్‌కు స్పందన లేకపోతే అప్లికేషన్ పనిచేయడం లేదన్న హెచ్చరికను సిస్టమే చూపిస్తుంది. దీనికి విరుగుడు అన్నిచోట్లా ఉంది. క్యూటీలో పనిని వేరే థ్రెడ్‌కు పంపి ఫలితాన్ని సిగ్నల్ ద్వారా తెచ్చుకుంటాం, అది క్యూలో పడి తెర థ్రెడ్‌లోనే అందుతుంది. డబ్ల్యూపీఎఫ్‌లో డిస్పాచర్, స్వింగ్‌లో స్వింగ్‌వర్కర్ అదే పని చేస్తాయి. ఒకచోట ఇది లోతుగా అర్థమైనవాడికి మరోచోట పేర్లు మాత్రమే కొత్త.

రెండవది పెద్ద పట్టికలు. లక్ష వరుసలున్న సమాచారాన్ని చూపమంటే లక్ష విడ్జెట్లు (తెర మీది బటన్లు, గళ్ల వంటి భాగాలు) సృష్టించేవాడు మెమరీని ముంచేస్తాడు. కంటికి కనిపించే ముప్ఫై నలభై వరుసలకు మాత్రమే విడ్జెట్లు ఉంచి, జరిపినప్పుడు వాటినే మళ్లీ వాడుకోవాలి, సమాచారాన్ని తెర నుంచి విడదీసి మోడల్‌లో పెట్టాలి. క్యూటీలో మోడల్, వ్యూ తరగతులు, డబ్ల్యూపీఎఫ్‌లో వర్చువలైజేషన్, ఆండ్రాయిడ్‌లో రీసైక్లర్‌వ్యూ, ఫ్లట్టర్‌లో లిస్ట్‌వ్యూ బిల్డర్ ఈ ఒక్క ఆలోచనకే వేర్వేరు రూపాలు.

మూడవది, తెరను స్థితి నుంచి పుట్టించడం. 2013లో బయటికి వచ్చిన రియాక్ట్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది: బటన్‌ను ఎర్రగా మార్చు, ఆ వరుసను దాచు అని ఒక్కొక్క ఆజ్ఞ ఇవ్వడం కాక, స్థితి ఇలా ఉంటే తెర ఇలా ఉంటుంది అని రాసి, మార్పుల బాధ్యతను లైబ్రరీకి వదిలేయడం. ఆపిల్ వారి స్విఫ్ట్‌యూఐ, కంపోజ్, ఫ్లట్టర్ అన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి, తమకు రియాక్ట్ స్ఫూర్తి అని ఫ్లట్టర్ వాళ్లే తమ పత్రాల్లో రాసుకున్నారు. 2006 నాటి డబ్ల్యూపీఎఫ్ బైండింగ్, 2010లో క్యూటీ 4.7తో వచ్చిన, తెరను వర్ణించే భాష క్యూఎమ్‌ఎల్ అప్పటికే ఆ వైపు అడుగులు వేసి ఉన్నాయి. కనుక 2010కి ముందు పద్ధతిలో, ప్రతి మార్పునూ చేత్తో రాసే విధంగా మాత్రమే నేర్పే పాఠాలు ఇప్పుడు చాలవు.

తెలుగువాళ్లుగా మనం తప్పక పట్టించుకోవలసినది అక్షరాల విషయం. క్ష, స్త్రీ, రాష్ట్రం వంటి మాటల్లో ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవాలంటే టూల్‌కిట్ కింద షేపింగ్ (అక్షరాల భాగాలను కలిపి సరైన ఆకారంలో పేర్చడం) అనే పని సక్రమంగా జరగాలి. క్యూటీ, జీటీకే, ఫ్లట్టర్, క్రోమ్ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడతాయి. ఈ పొర ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. మన జ్ఞా అక్షరం, దాని మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు కలిసిన వరుస సందేశంలో వస్తే ఐఫోన్ అప్లికేషన్లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఇంత పెద్ద సంస్థ కోడ్‌లోనే అలాంటిది దాగి ఉండగలిగిందంటే, కొత్తగా వచ్చే చిన్న టూల్‌కిట్లలో, ముఖ్యంగా అక్షరాలను తామే గీసుకునేవాటిలో, ఎంత జాగ్రత్తగా పరీక్షించాలో ఊహించుకోవచ్చు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కు తెరమీది విషయం అందుతుందా అన్న పరీక్ష కూడా దీనితో పాటే చేయాలి. ఈ రెండింటిలో తప్పిన టూల్‌కిట్‌ను, ఎంత అందంగా ఉన్నా, నేను ఎవరికీ సూచించను.

ఇప్పుడు నేరుగా సలహాలోకి వస్తాను. సీ ప్లస్ ప్లస్ ఇష్టంగా చదివినవాళ్లు, వైద్య పరికరాలు, కార్లు, కర్మాగారాల నియంత్రణ వైపు వెళ్లాలనుకునేవాళ్లు క్యూటీ 6 నేర్చుకోవాలి. అందులో విడ్జెట్లు, క్యూఎమ్‌ఎల్ రెండూ రావాలి, ఎందుకంటే పాత ప్రోగ్రాములు విడ్జెట్లతో, పరికరాల కొత్త తెరలు ఎక్కువగా క్యూఎమ్‌ఎల్‌తో ఉంటాయి. సీ షార్ప్ వచ్చినవాళ్లు డబ్ల్యూపీఎఫ్, దానితో ఎంవీవీఎం పద్ధతి (సమాచారాన్నీ తెరనూ వేరుగా ఉంచి రాయడం) నేర్చుకుంటే బ్యాంకులు, పరిశ్రమలలోని పాత విండోస్ ప్రోగ్రాములను నిలబెట్టే పనులు చాలాకాలం దొరుకుతాయి. మావి, విన్‌యూఐ 3 గురించి తెలుసుకుని ఉంటే చాలు, వాటి మీదే భవిష్యత్తును కట్టుకోవద్దు. పైథాన్ మాత్రమే వచ్చినవాళ్లు పైథాన్‌తో పాటే వచ్చే టీకింటర్ టూల్‌కిట్‌తో మొదటి వారం గడిపి, ఆ వెంటనే పైసైడ్ 6కు మారడం మేలు. అది క్యూటీ కంపెనీ వాళ్లే నడిపే పైథాన్ రూపం, అక్కడ నేర్చినది తరువాత సీ ప్లస్ ప్లస్‌లో అలాగే పనికొస్తుంది. ఏ వైపూ మొగ్గు లేనివాళ్లు, త్వరగా సంపాదన మొదలుకావాలన్న ఇంటి పరిస్థితి ఉన్నవాళ్లు, సందేహం లేకుండా టైప్‌స్క్రిప్ట్, రియాక్ట్ నేర్చుకోవాలి. తరువాత ఎలక్ట్రాన్ ద్వారా డెస్క్‌టాప్ వైపు రావచ్చు. రెండు టూల్‌కిట్లను సగం సగం నేర్చుకోవడం కంటే ఒకదాన్ని చివరి దాకా తీసుకెళ్లడమే ఉద్యోగంలో కనిపిస్తుంది.

చివరి దాకా అంటే ఏమిటో చెబుతాను. పూర్తయిన ఒక ప్రోగ్రాము చేయండి: ఊరి గ్రంథాలయానికి పుస్తకాల జాబితా కావచ్చు, ధాన్యం కొనుగోలు లెక్క కావచ్చు. లక్ష వరుసల సమాచారం నింపి, వెతుకుతున్నప్పుడు తెర ఆగకుండా చూడండి. తెలుగులో పేర్లు టైపు చేసి, తెలుగు అక్షర క్రమంలో పేర్చి చూడండి. మౌస్ లేకుండా ట్యాబ్ కీతోనే అన్ని పనులూ అవుతాయో లేదో పరీక్షించండి. స్కేలింగ్ 150 శాతం పెట్టిన లాప్‌టాప్‌లో తెర చెదిరిపోతుందేమో గమనించండి. కంపైలర్ లేని వేరొకరి కంప్యూటర్‌లో నడిచే ఇన్‌స్టాలర్ తయారుచేయండి. ట్యుటోరియల్ చూసి చేసినవాళ్లెవరూ ఈ చివరి మెట్టు దాకా రారు, కాబట్టి ఇంటర్వ్యూలో ఇది చూపించిన అభ్యర్థి వెంటనే వేరుగా నిలబడతాడు. సోర్స్ కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టి, అందులో ఒక కష్టమైన నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రీడ్‌మీలో రాసి ఉంచితే మాట్లాడడానికి మంచి విషయం దొరుకుతుంది.

లైసెన్సు గురించి కూడా ఇప్పుడే తెలుసుకోవాలి, కంపెనీలు దీన్ని గట్టిగా అడుగుతాయి. క్యూటీలో ముఖ్యమైన మాడ్యూళ్లు ఎల్‌జీపీఎల్ కింద ఉన్నాయి, అంటే సొంత ప్రోగ్రాము కోడ్‌ను మూసి ఉంచుకుంటూనే వాటిని వాడుకోవచ్చు. కానీ వాడుకరి తన దగ్గరి లైబ్రరీని మార్చి అమర్చుకునే వీలు ఉంచాలి. కారు డ్యాష్‌బోర్డులో ఆ వీలు ఇవ్వడం కష్టం కాబట్టి అలాంటి తయారీదారులు డబ్బు కట్టి వాణిజ్య లైసెన్సు తీసుకుంటారు. క్యూటీ చార్ట్స్ వంటి కొన్ని మాడ్యూళ్లు ఎల్‌జీపీఎల్ కింద కాక, ప్రోగ్రామును పంచితే దాని కోడ్‌ను కూడా తెరవాలని కోరే జీపీఎల్ కింద వస్తాయి. పైథాన్‌లో పైసైడ్ ఎల్‌జీపీఎల్ కిందా, పైక్యూటీ జీపీఎల్ లేదా వాణిజ్య లైసెన్సు కిందా దొరుకుతాయి. ఒక కొత్త మాడ్యూల్‌ను ప్రాజెక్టులో చేర్చేముందు దాని పత్రాల్లో లైసెన్సు పేజీని తెరిచి చదవడం, చదివినది టీమ్ లీడ్‌కు రాతపూర్వకంగా చెప్పడం మొదటి ఉద్యోగం మొదటి నెల నుంచే అలవాటు చేసుకోండి.